అక్షరమునకు రంగెక్కడిది

సంస్కృతమున వర్ణశబ్దమునకు రెండర్థములు ప్రసిద్ధములు. కంటికి గోచరించు నీలపీతాదులు వర్ణములే, నోట పలికి చెవిన వినెడి అకారాది ధ్వనులును వర్ణములే. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో అధ్యయనమునకు అంగములైన ఆరింటిని పేర్కొన్నచోట మొట్టమొదట నిలిచినది వర్ణము, దాని వెనుకనే స్వరము. అక్కడ వర్ణమనగా అక్షరధ్వనియే గాని రంగు కాదని పాఠశాలలో చేరిన పిల్లవానికి సైతము తెలియును. అయినను ఈ కాలమున వర్ణమునకు వర్ణము పూయు పని ఒకటి ఎందరో యువకుల ఎదుట ప్రతిదినము జరుగుచున్నది. గౌతమీతీరమున ఒక వృద్ధ ఘనపాఠిగారి ఇంట ఆ పని మూలముగా అరువదియేండ్ల నాటి రహస్యమొకటి బయటపడినది. దృగ్దృశ్యవిచారము చేయువారికి ఆ వృత్తాంతము ఉపకరించునేమో.

ఘనపాఠిగారి దౌహిత్రుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతడు దినమంతయు ఎదుట పెట్టుకొని కూర్చుండు సాధనమునకు కోడ్ ఎడిటర్ అని పేరు. యంత్రమునకు ఇయ్యవలసిన ఆదేశములను అందులో వ్రాయుదురు. వ్రాసినది ఫైలుగా భద్రమగును. ఆ ఫైలులో ఉండునవి అక్షరములు, అంకెలు, చిహ్నములు, ఖాళీలు మాత్రమే. రంగు అనునది అందు అణుమాత్రమును లేదు. తెరమీద చూచినచో మాత్రము ఒక పదము నీలము, ఒకటి నారింజ, ఇంకొకటి బూడిదవన్నె. ఎడిటర్ ఆ వాక్యములను తాను చదివి, ఇది భాషకు చెందిన నియతపదము, ఇది వ్రాసినవాడు పెట్టుకొన్న పేరు, ఇది యంత్రము పట్టించుకొనని వ్యాఖ్య అని విభజించి, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రంగు చూపును. ఏ జాతికి ఏ రంగు అను పట్టికకు థీమ్ అని పేరు. సంహితలో ఒక్క అక్షరమును కదల్పక పదవిభాగమును పక్కన చూపిన పదపాఠము వంటిది ఈ ఏర్పాటు. ఋగ్వేదమునకు శాకల్యుడు, తైత్తిరీయసంహితకు ఆత్రేయుడు చేసిన ఉపకారమే ఇచట యంత్రము చిన్న మేరలో చేయుచున్నది. ఈ పద్ధతికి తొలిరూపములలో ఒకటి నిఘంటువు పనికై వాడబడినదని తెలిసినచో వైయాకరణులు సంతోషింతురు. 1985లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన మైక్ కౌలిషా నిర్మించిన లెక్స్ అను ఎడిటర్‌ను ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువును కంప్యూటరునకు ఎక్కించు పనిలో వాడిరి. పాఠము యొక్క భాగములు అందు వేరువేరు రంగులలో కనబడెడివి.

వేదాంతగ్రంథములలో స్ఫటికము, జపాకుసుమము అను దృష్టాంతము తరచుగా వచ్చును. స్వచ్ఛమైన స్ఫటికము చెంత మందారపువ్వు నుంచినచో స్ఫటికము ఎర్రగా తోచును. పువ్వును తీసినచో ఆ ఎరుపు ఎక్కడికిని పోదు, ఏలయన అది స్ఫటికమునందు ఎన్నడును లేదు. కోడ్ ఎడిటర్‌లోని రంగు ఈ దృష్టాంతమునకు ఇంతకుమించిన ఉదాహరణ దొరకదన్నట్లుగా ఉన్నది. అదే ఫైలును ఏ అలంకారమును లేని నోట్‌ప్యాడ్‌లో తెరచినచో తెలుపుమీద నలుపు మాత్రమే మిగులును. ఒకే ఫైలును పదిమంది తెరచినచో పది విధముల రంగులు కనబడును. ఏ ఒక్కటియు తప్పు కాదు, ఏ ఒక్కటియు ఫైలునకు చెందినది కాదు.

ఇంత తేలికగా వాక్యమున చెప్పిన ఈ సంగతి ఆ యువకునకు అనుభవమునకు రావలెనన్నచో ఒక అవమానము కావలసివచ్చెను.

అతనికి పుట్టుకతో ఎరుపునకు ఆకుపచ్చకు గల భేదము స్ఫుటముగా తెలియదు. రెండును ఒక మడ్డి పసుపువన్నెకు దగ్గరగా తోచును. నీలము బాగుగా కనబడును, పసుపు బాగుగా కనబడును. రెండవ తరగతిలో చెట్టు బొమ్మకు ఆకులన్నియు ఎర్రని రంగు వేసినాడు. తరగతి అంతయు నవ్వెను. నాటినుండి రంగు పెన్సిలు మీద ముద్రించిన పేరు చదివిన తరువాతనే చేతబట్టుట అలవాటయినది. ఇంట ఎవరికిని చెప్పలేదు. పిల్లవాడు బొమ్మలు వేయుట మానినాడని మాత్రమే తల్లి గ్రహించెను.

ఇది అరుదైన దోషము కాదు. యూరోపు సంతతి పురుషులలో సుమారు 8 శాతము మందికి ఏదో ఒక మేర ఉన్నదని వైద్యులు చెప్పుదురు. స్త్రీలలో చాల తక్కువ. పరమాణువాదమునకు ప్రసిద్ధుడైన జాన్ డాల్టన్‌కు ఈ లోపమే ఉండెను. జెరేనియం పువ్వు పగటివెలుగులో తనకు నీలముగాను, కొవ్వొత్తి వెలుగులో ఎరుపుగాను కనబడుట, తక్కినవారికి అట్టి మార్పు కనబడకుండుట గమనించి, 1794లో ఆయన తన కంటిని గూర్చి తానే పండితసభలో ప్రసంగించెను. కంటిలోని ద్రవము నీలవర్ణము కావచ్చునని ఊహించి, మరణానంతరము పరీక్షింపుడని కోరెను. 1844లో ఆయన పోయిన పిమ్మట చూచిరి. ద్రవము స్వచ్ఛముగనే ఉండెను. భద్రపరచిన ఆ కంటి భాగమునుండి 1995లో జన్యుపరీక్ష చేసి అసలు హేతువును తేల్చిరి. ఆకుపచ్చ వెలుగును గ్రహించు జాతి కణములకు కావలసిన జన్యువే ఆయనలో లేదు. తన ఇంద్రియమందలి లోపమును దాచక సభలో చెప్పిన ఆ మహనీయుని ధైర్యము ఈ కథలో ముందు అవసరపడును.

మన శాస్త్రములలో అన్నంభట్టు, ఆయన ఆంధ్రుడు, తర్కసంగ్రహమున రూపమును చక్షుర్మాత్రగ్రాహ్యమైన గుణమని చెప్పి, శుక్ల నీల పీత రక్త హరిత కపిశ చిత్రములని ఏడు విధములుగా విభజించెను. రక్తము, హరితము రెండును వేరు. మరి ఆ రెంటిని వేరుగా గ్రహింపని కన్ను సంగతి ఏమి? కామెర్ల రోగికి తెల్లని శంఖము పచ్చగా తోచునను ఉదాహరణను శాస్త్రకారులు ఇంద్రియదోషమునకు చూపుదురు. రోగికి శంఖము తెలుపని ముందే తెలిసియుండును, అయినను పసుపే కనబడును. పుట్టుకతో వచ్చిన ఈ లోపము అట్టిది కాదు. ఇచట పూర్వము సరిగా చూచిన జ్ఞాపకము లేదు, పోల్చుకొనుటకు రెండవ కన్ను లేదు. తన కన్ను లోపించినదని తెలియుటకు ఆప్తవాక్యమొక్కటే ప్రమాణము. ప్రత్యక్షమే అన్నిటికి పైచేయి అని వాదించువారు ఈ ఒక్క సంగతిని కొంచెము ఆలోచింపవలెను.

ఉద్యోగములో చేరిన పిదప అతడు ఎడిటర్‌కు సిద్ధముగా దొరకు థీములను ఒకటి వెంట ఒకటి ప్రయత్నించెను. మోనోకాయ్ అనునది చూచినాడు. డ్రాక్యులా అనునది చూచినాడు (రక్తపానము చేయు పిశాచము పేరు పెట్టుకొని దానిని అందమనుకొనుట ఈ కాలపు రుచి). సోలరైజ్డ్ అనునది సహోద్యోగులకు మిక్కిలి ప్రియము. దానిని 2011లో ఈథన్ స్కూనోవర్ వెలువరించెను. అందు పదునారు రంగులు. వానిలో ఎనిమిది ప్రధానవర్ణములకును ప్రకాశమును ఇంచుమించు ఒకే మేరలో నిలిపి, కంటికి ఏ రంగును కొట్టినట్లు తోచకుండ కూర్చెను. తక్కినవారికి శాంతినిచ్చు ఆ సమత్వమే ఇతనికి బాధకమైనది. ఎరుపు ఆకుపచ్చలలో ఒకటి వెలుగుగాను ఒకటి ముదురుగాను ఉన్నచో ఆ తేడాతో నెట్టుకొనివచ్చెడివాడు. ప్రకాశము సమమైనచో అతని చేతిలోని ఊతకర్రను తీసివేసినట్లే. అయినను అందరి తెరమీదను ఉన్నది తన తెరమీద లేకున్న ప్రశ్నింతురను భయముతో దానినే ఉంచుకొనెను.

ఒకరు వ్రాసినదానిని మరియొకరు సరిచూచి సమ్మతించుట ఆ వృత్తిలో నియమము. సరిచూచునపుడు తొలగించిన పంక్తుల వెనుక ఎరుపు, చేర్చిన పంక్తుల వెనుక ఆకుపచ్చ పూత కనబడును. పంక్తి మొదట తీసివేత, కూడిక గుర్తులును ఉండునుగాని అవి మిక్కిలి చిన్నవి. ఒక సాయంకాలము, క్రొత్తగా చేరిన ఒక అమ్మాయి చేసిన మార్పు అతని ఎదుటికి వచ్చెను. చెల్లింపు ఒకమారు జరిగినదో లేదో చూచెడి పంక్తి ఒకటి అందు పొరపాటున తొలగిపోయెను. ఆ పంక్తి చేర్చబడినదని భ్రమించి అతడు సమ్మతి తెలిపెను. ఆ రాత్రి కొందరి ఖాతాలనుండి ఒకే మొత్తము రెండుమార్లు తీయబడెను. మరునాడు సొమ్మంతయు తిరిగి జమచేసిరి. ధననష్టము నిలువలేదు. కాని సమావేశములో పై అధికారి అడిగిన ప్రశ్న నిలిచిపోయినది. "అంత ఎర్రగా కనబడుతుంటే ఎలా చూడలేదు?"

అతడు పలుకలేదు. అజాగ్రత్త అని వ్రాసికొనిరి. అంతటితో ముగిసినచో అది అతని సొంత నష్టము. నింద సగము ఆ అమ్మాయి మీద పడినది. వ్రాసినది ఆమెయే గనుక ఆమె తప్పు లేదనరాదు. కాని సరిచూచువాని కన్ను చూడలేకపోయినదన్న సంగతి ఆమెకు తెలియదు, అధికారికి తెలియదు. తాను శ్రద్ధలేనిదానినని ఆమె నమ్మినది. మౌనము అన్నివేళల మౌనము కాదు. కొన్నిచోట్ల అది అసత్యమునకు మారుపేరు.

వారము తిరుగకముందే అతడు సెలవు పెట్టి మాతామహుల ఇంటికి వచ్చెను. కంప్యూటరును వెంట తెచ్చుకొనెను. తాతగారికి ఎనుబదియైదేండ్లు. కృష్ణయజుర్వేదమున ఘనాంతము చదివినవారు. కంట శుక్లములు తీయించుకొన్నను ఉదయము పుస్తకము ముందుంచుకొని కూర్చుండు అలవాటు మానలేదు. చూచి చదువుటకు కాదు, చేతికి తోడుగా. ఆ పుస్తకము వారి తండ్రిగారు కాగితముమీద స్వహస్తముతో వ్రాసినది. అక్షరములు నల్లసిరాతోను, స్వరచిహ్నములు ఎర్రసిరాతోను ఉన్నవి. అనుదాత్తమునకు అక్షరము క్రింద అడ్డగీత, స్వరితమునకు పైన నిలువుగీత, ఉదాత్తమునకు ఏ గుర్తును లేదు.

మనుమడు ఆ పుటలను చూచి, అమ్మ చిన్ననాడు ఎర్రగీతల పుస్తకమని చెప్పిన మాట జ్ఞప్తికి వచ్చి అడిగెను.

"తాతగారూ, ఈ గీతలు ఎరుపా?"

"ఎరుపేమిటిరా? గీతలు. పైనున్నది పైకి, కిందున్నది కిందికి."

"రంగు వేరుగా లేదా మీకు?"

తాతగారు పుస్తకమును వెలుగునకు త్రిప్పి చూచిరి. "మా నాన్నగారు సిరా పలచన చేసి రాసేవారనుకున్నాను."

వంటింటి గడపలో నిలిచి వినుచున్న అమ్మమ్మ చేతిలోని చేట క్రింద పెట్టెను. కొంతసేపు ఎవరును మాటాడలేదు. పిమ్మట ఆమె చెప్పినది ఇది. పెండ్లియై కాపురమునకు వచ్చిన మొదటి సంవత్సరము. పొరుగూరిలో నవగ్రహశాంతి. ఆమెయు వెంట వెళ్ళినది. ఘనపాఠిగారు మండపములో వస్త్రములు పరచుచు, దక్షిణమున అంగారకునికి వేయవలసిన ఎర్రగుడ్డను ఈశాన్యమున బుధునికి వేసి, బుధుని ఆకుపచ్చ గుడ్డను కుజునికి వేసిరి. ఆమె పసుపుగిన్నె ఇయ్యవచ్చినట్లు దగ్గరకు వచ్చి రెంటిని మార్చి వెళ్ళినది. యజమాని చూడలేదు, ఘనపాఠిగారును గమనింపలేదు. ఆ మరుసటిసారినుండి ఇంటివద్దనే గుడ్డలు మడతపెట్టునపుడు కుజుని గుడ్డ కొంగున కందులు, బుధుని గుడ్డ కొంగున పెసలు ముడివేసి ఇచ్చెడిది. ఆయా గ్రహములకు ఆయా ధాన్యములే గనుక అందు విపరీతమేమియు లేదు. సర్వతోభద్ర మండలమునకు పంచవర్ణ చూర్ణములు కట్టునపుడు ఎరుపు పొట్లమునకు ఒక ముడి, ఆకుపచ్చ పొట్లమునకు రెండు ముడులు.

"మీ పుట్టింటి ఆచారమనుకున్నానే," అనిరి తాతగారు.

"అదే అనుకోనిచ్చాను."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు మండపంలో కూచున్నప్పుడల్లా అదే ఆలోచించేవారు. మంత్రం మీద మనసుండేదా?"

తాతగారు చాలసేపు తమలో తాము నవ్వుకొనిరి. ఆ రెండు రంగులు అందరికిని కష్టముమీదనే తెలియుననియు, పెద్దలు అభ్యాసముచేత గుర్తింతురనియు ఇంతకాలము వారు తలచియుండిరట. ఎనుబదియైదేండ్ల వయస్సున తమ కన్ను వేరని వారికి తెలిసినది. తెలిసినందువలన కన్ను మారలేదు. దృగ్దృశ్యవివేకము ఆరంభముననే రూపములను కన్ను చూచును, కంటి మాంద్యమును మనస్సు చూచును, మనస్సును సాక్షి చూచును అని క్రమముగా లోనికి తీసికొనిపోవును. ఆ ప్రకరణమును ఎందరికో పాఠము చెప్పినవారికి ఆ నాటి మధ్యాహ్నము అది వేరుగా వినబడియుండును.

ఇచట సందేహమొకటి కలుగవచ్చును. ఇన్నేండ్లుగా కర్తకు వర్ణభేదము తెలియకయే చేసిన కర్మలు లోపించినట్లా? లోపింపలేదు. గుడ్డ ఎర్రనిదే, ఉన్నచోటు దక్షిణమే. కర్త తన కన్నును గాక వేలికొనల క్రింది కందులను, అనగా సహధర్మచారిణి మాటను, ప్రమాణముగా గ్రహించినాడు. పత్ని లేక యజ్ఞము లేదన్న శాస్త్రమునకు ఇంత ఇంటిపట్టు వ్యాఖ్యానము వేరొకచోట కనబడదు.

ఈ లోపము వచ్చు దారియు విచిత్రమైనది. ఎరుపు ఆకుపచ్చల భేదమును గ్రహింపజేయు జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నవి. తండ్రి తన ఎక్స్‌ను కొడుకునకు ఈయడు, కుమార్తెకు ఇచ్చును. కుమార్తెకు తల్లినుండి వచ్చిన రెండవ ఎక్స్ ఉన్నది గనుక ఆమె కన్ను బాగుగనే ఉండును. ఆమె కొడుకులలో ఒక్కొక్కనికి సగము పాలు వచ్చు అవకాశము. కనుక మాతామహుని చూపు కుమార్తెను తాకక దౌహిత్రునియందు మేల్కొనును. శ్రాద్ధమున పావనములైన మూడింటిలో దౌహిత్రుని ఒకనిగా మనుస్మృతి చెప్పినది. తాతగారు ఆ మాటను తలచి మనుమని వీపు తట్టి, "ఆస్తి పంచలేదనుకున్నావు గదా, ఇది నీ వాటా," అనిరి.

ఆ రాత్రి అరుగుమీద కూర్చుండి మనుమడు కంప్యూటరు తెరచెను. అతడు వాడునది విజువల్ స్టూడియో కోడ్ అను ఎడిటర్. అందు సెట్టింగులను ఒక పత్రముగా వ్రాసికొనవచ్చును. థీమ్ మొత్తమును మార్పనక్కరలేదు, దానిలో తనకు పనికిరాని రంగులను మాత్రము పేరుపేరున తిరిగి నిర్దేశింపవచ్చును. ప్రతి రంగును ఆరు గుర్తులతో వ్రాయుదురు. మొదటి రెండు ఎరుపు పాలు, నడిమి రెండు ఆకుపచ్చ పాలు, కడపటి రెండు నీలపు పాలు. ఒక్కొక్కదానికి 0 మొదలు 255 వరకు మెట్లు. మొత్తము 1,67,77,216 రంగులు పుట్టును. అన్నంభట్టు ఏడింటితో తృప్తిపడెను.

అతడు ఎరుపును ఆకుపచ్చను తీసివేసెను. జపానుకు చెందిన మసటాకా ఒకాబే, కెయ్ ఇటో అను శాస్త్రజ్ఞులు ఇట్టి కన్నులవారికిని తక్కినవారికిని సమానముగా వేరుపడి కనబడు రంగుల వరుస నొకటి కూర్చియుండిరి. దానినుండి రెంటిని తీసికొనెను. చేర్చిన పంక్తుల వెనుకకు నీలము: ఎరుపు 0, ఆకుపచ్చ 114, నీలము 178. తొలగించిన పంక్తుల వెనుకకు నారింజ: ఎరుపు 230, ఆకుపచ్చ 159, నీలము 0. ఆరు గుర్తుల తరువాత ఇంకొక రెండు చేర్చినచో ఆ రంగు ఎంత పారదర్శకముగా ఉండవలెనో చెప్పవచ్చును. ఈ వెనుకపూతలు పూర్తిగా గాఢముగా ఉండరాదని, క్రిందనున్న గుర్తులను కప్పివేయరాదని ఆ ఎడిటర్ నిర్మాతలే నియమము చెప్పియున్నారు. చందనము అలదినను మూర్తి ముఖము కనబడవలెనని ఆలయములలో పాటించు మర్యాద ఇట్టిదే.

అతడు అంతటితో ఆగలేదు, ఆగకుండుటయు మంచిదే అయినది. రంగు ఒక్కదానిమీదనే ఆధారపడరాదని తాతగారి పుస్తకము నేర్పినది. ఎర్రసిరా పోయినను గీత పైన ఉన్నదో క్రింద ఉన్నదో పోలేదు. కంటికి రంగు, స్థానమునకు స్థానము: ఒకే స్వరమునకు రెండు సాక్ష్యములు. "ఇంద్రశత్రు" శబ్దమున స్వరము తప్పి త్వష్ట కోరిన కోరిక తలక్రిందులైన కథ తెలిసిన పెద్దలు ఒక్క సాక్ష్యముతో ఊరకుండరు గదా. మనుమడు వ్యాఖ్యలను వాలుటక్షరములుగా చేసెను. నియతపదములను లావు చేసెను. రంగులన్నియు తీసివేసి చూచినను ఏది ఏదియో తెలియవలెనని పరీక్ష పెట్టుకొనెను. ఫలితములు చూపు కిటికీలో, టెర్మినల్ అందురు దానిని, ఎరుపనియు ఆకుపచ్చయనియు పేరున్న రెంటికిని వేరు రంగులు ఇచ్చెను. పేరు ఎరుపే, చూపునది నారింజ. నామము ఒకటి, రూపము ఒకటి.

తరువాత మాత్రము దారి తప్పెను. పంక్తిసంఖ్యలకు రంగు, అంచుపట్టీకి రంగు, కదలెడి గీటునకు రంగు. అట్టి పేర్లు ఆ ఎడిటర్‌లో వందలకొలది కలవు. అర్ధరాత్రి దాటెను. తాతగారు నిద్రపట్టక బయటికి వచ్చి, ఏమి చేయుచున్నావని అడిగి, విని, "అలంకారం చాల్లే నాన్నా. నైవేద్యం వేళ దాటిపోతుంది," అనిరి. పూలదండ వంపు సరిచేయుచు తెరను తీయుటయే మరచు అర్చకులు లేకపోలేదు. కన్నునకు కావలసినంత చేసికొనుట ధర్మము. అందులో తాను కనబడవలెనని కోరుట మొదలైనప్పటినుండి అది వేరొక పని.

మూయబోవుచు అతడు తెరను తాతగారి వైపు త్రిప్పెను. నీలపు పంక్తులు, నారింజ పంక్తులు.

"ఇవి రెండూ వేరు," అనిరి తాతగారు వెంటనే. మరల చూచి, "స్పష్టంగా వేరు," అనిరి.

హైదరాబాదునకు తిరిగి వెళ్ళిన మరునాడు అతడు అధికారితో చెప్పెను. ముందు ఆ అమ్మాయితో చెప్పెను, ఆ వరుస సరియైనది. తన కన్ను చూడలేదని, చూడలేదన్నది దాచినందువలన నింద ఆమెవైపు జరిగినదని చెప్పెను. ఆమె కొంచెము కోపగించినది, అదియు న్యాయమే. నిందను వ్రాసినచోట సవరించి వ్రాయుటకు అధికారి ఒప్పుకొనెను. పనుల స్థితిని చూపు పెద్ద తెరమీద ఎరుపు ఆకుపచ్చ చుక్కలు ఒకే ఆకారమున ఉండెడివి. సఫలమైనదానికి చుక్క, విఫలమైనదానికి అడ్డుగీతల గుర్తు పెట్టవలెనని అతడు కోరెను. పెట్టిరి. ఆ సాయంకాలము వేరొక విభాగమున పనిచేయు నడివయస్కుడొకడు మెట్లవద్ద అతనిని నిలిపి, ఆ సెట్టింగుల పత్రమును తనకును పంపుమని తగ్గుస్వరమున అడిగెను.

ఇతని ఎడిటర్‌లో ఏ రంగులున్నవో ఆ అమ్మాయికి కనబడదు, ఆమె రంగులు ఇతనికి కనబడవు. వారిరువురు చదువు ఫైలు ఒక్కటే. ప్రపంచమందలి ఎరుపు ఆకుపచ్చలను మార్చుకొను వీలు ఎవరికిని లేదు. ఇచట అధ్యాసమును తెలిసి చేసికొనుచున్నారు, తెలిసి తీసివేయుచున్నారు. ఆ సౌలభ్యమును వేదాంతవిద్యార్థి ఒకమారైనను తన కంటితో చూడదగును. ఫైలును తెరచి, థీమ్ మార్చి, మరల మార్చి, అక్షరము కదలినదేమో చూడవచ్చును.

గడచిన మాఘమాసమున ఘనపాఠిగారు మరల ఒక నవగ్రహశాంతికి వెళ్ళిరి. ఇప్పుడు కుర్చీమీద కూర్చుండి మంత్రము చెప్పుటయే, పరచుపని శిష్యులది. శిష్యుల కన్నులు బాగుగనే ఉన్నవి. అయినను అమ్మమ్మ ముందురోజు రాత్రి దీపము దగ్గర కూర్చుండి ఎర్రగుడ్డ కొంగున కందులు, ఆకుపచ్చ గుడ్డ కొంగున పెసలు ముడివేసి సంచిలో పెట్టెను.